అమ్మానాన్నలతో ఇంగ్లండు కంట్రీ హౌస్‌లు చూడాలంటే: రోజుకు ఒక్క ఇల్లు, ముందుగా తోట

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు రెడింగ్‌లో ఉంటున్నారు. జూన్ రెండో వారంలో అనంతపురం నుంచి మీ అమ్మగారు, నాన్నగారు వచ్చి జూలై ఆఖరు వరకు ఉంటారు. నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మోకాళ్ళ నొప్పి వల్ల మెట్లు ఎక్కడం వారికి కష్టం. అమ్మగారికి మొక్కలంటే ప్రాణం. ఇక్కడి పల్లెల్లో దొరలు కట్టుకున్న పాత భవంతులైన కంట్రీ హౌస్‌లను, వాటి తోటలను వారికి చూపించాలని మీ కోరిక. శని, ఆదివారాల్లో రోజుకు రెండేసి చూడవచ్చునా, అలాంటి ఇళ్ళను కాపాడి జనానికి చూపించే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకోవడం లాభమా, అన్ని గదులూ ఒకేలా కనిపించి వారికి విసుగు వస్తుందా అని అడిగారు.

నా సమాధానం ఇది: రోజుకు ఒక్క ఇల్లే చూడండి, ఏడు వారాల్లో నాలుగైదుకు మించి పెట్టుకోవద్దు. వెళ్ళగానే తోటలో నడవండి, భోజనం తర్వాత ఇంట్లోకి వెళ్ళండి, ఇంట్లో వంటశాలనూ పనివారి గదులనూ తప్పక చూడండి. మీ అమ్మానాన్నల జీవితానికి ఎక్కడో ఒకచోట తగిలే ఇళ్ళనే ఎంచుకోండి. పేరున్న భవంతులన్నీ చూపించాలని తిరిగితే మూడోదాని దగ్గరకు వచ్చేసరికి వారికి బంగారు పూత పూసిన కుర్చీలు తప్ప ఇంకేమీ గుర్తుండవు.

నేను ఈ దేశం వచ్చి ఇరవై రెండేళ్ళయింది. అందులో పదకొండేళ్ళుగా వారానికి ఒక రోజు అలాంటి ఒక పాత ఇంట్లో స్వచ్ఛందంగా గది కాపలా పని చేస్తున్నాను. అంటే ఒక గదిలో నిలబడి, వచ్చినవారికి ఆ గది సంగతులు చెప్పి, వస్తువులకు చేయి తగలకుండా చూసుకునే పని. మన తెలుగు కుటుంబాలు పెద్దవాళ్ళను తీసుకుని రావడం అక్కడ తరచుగా చూస్తుంటాను. ఎవరు సంతోషంగా తిరిగి వెళ్ళారో, ఎవరు అలసిపోయి వెళ్ళారో వారి నడకలోనే తెలుస్తుంది కనుక, ఈ సలహా ఆ అనుభవంతోనే ఇస్తున్నాను.

మొదట్లో నేనూ మీరు అనుకుంటున్నట్లే చేశాను. మా అత్తమామలు వచ్చిన ఏడాది ఒకే శనివారం రెండు ఇళ్ళు చూడాలని బయలుదేరాం. మొదటి ఇంట్లో మా మామగారు ఒక పాత గడియారం దగ్గర ఆగి దాని యంత్రం గురించి అడుగుతూ ఉంటే, రెండోదానికి ఆలస్యమవుతుందని నేనే వారిని తొందరపెట్టి బయటికి తీసుకువచ్చాను. రెండో ఇంటికి చేరేసరికి లోపలికి పంపే వేళ దాటిపోయింది. ఈ ఇళ్ళలో చాలావాటిలో మూసే సమయానికి గంట, ముప్పావు గంట ముందే ప్రవేశం ఆపేస్తారన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. మామగారు ఏమీ అనలేదు, కానీ దారంతా ఆ గడియారం గురించే మాట్లాడారు. ఆ రోజు నుంచి నేను ఎవరినీ ఒక గదిలోంచి తొందరపెట్టి బయటికి తీసుకురాలేదు.

ఇక ఇల్లంటే ఏమిటో ముందుగా పెద్దవాళ్ళకు చెప్పండి. ప్యాలెస్ అని చెబితే మైసూరు ప్యాలెస్‌నో, చౌమహల్లా ప్యాలెస్‌నో ఊహించుకుని వస్తారు. ఇక్కడి ఇల్లు వారికి చిన్నగా కనిపిస్తుంది. దివాణం అని చెబితే సరిగ్గా అర్థమవుతుంది. చుట్టూ వేల ఎకరాల భూమి, ఆ భూమిని కౌలుకు చేసుకునే రైతులు, వారు కట్టే శిస్తుతో నడిచే ఒక పెద్ద కుటుంబం, ఆ కుటుంబానికి పనిచేసే యాభై, అరవై మంది మనుషులు. కంట్రీ హౌస్ అంటే ఇదంతా కలిసిన వ్యవస్థ. లోగిలి, కచేరీ, గాదెలు, గుర్రపుసాల ఉన్న మన జమీందారీ ఇళ్ళ కథ తెలిసినవారికి ఇది కొత్త కాదు.

ఇవి జనం చూడడానికి తెరుచుకోవడం వెనుక ఒక కారణం ఉంది. ఆస్తి యజమాని చనిపోయినప్పుడు కట్టవలసిన పన్నును 1894లో ఇక్కడి ప్రభుత్వం కొత్తగా నిర్ణయించింది. తర్వాత ఆ పన్ను పెరుగుతూ పోయింది, వ్యవసాయ ఆదాయం తగ్గింది, మొదటి ప్రపంచ యుద్ధంలో వారసులు చనిపోయారు. ఇరవయ్యో శతాబ్దంలో వందల ఇళ్ళను కూలగొట్టి రాయినీ కలపనూ అమ్ముకున్నారు. 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్‌కు 1937లో వచ్చిన ఒక చట్టంతో, ఇంటినీ దాని నిర్వహణకు తగిన ఆస్తినీ కలిపి స్వీకరించే వీలు కలిగింది. స్టౌర్‌హెడ్ అనే ఇంటిని తలచుకుంటే ఈ చరిత్ర అంతా ఒక కుటుంబంలో కనిపిస్తుంది. దాని చివరి యజమానులైన హెన్రీ హోర్, ఆల్డా దంపతుల ఒక్కగానొక్క కొడుకు 1917లో పాలస్తీనా యుద్ధరంగంలో తగిలిన గాయాలతో మరణించాడు. వారసుడు లేక వారు 1946లో ఇంటినీ తోటనూ ట్రస్ట్‌కు ఇచ్చేశారు. మరుసటి ఏడాది మార్చి 25న కొన్ని గంటల తేడాతో భార్యాభర్తలిద్దరూ కన్నుమూశారు. ఈ సంగతి చెప్పి ఆ ఇంట్లోకి తీసుకువెళితే గోడల మీది చిత్రాలను ఎవరైనా వేరుగానే చూస్తారు.

అన్ని గదులూ ఒకేలా ఉంటాయా? గదులు ఎందుకు అలా కట్టారో తెలియకపోతే ఒకేలాగే ఉంటాయి. మీరు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. పదిహేడో శతాబ్దపు ఇళ్ళలో ముఖ్యమైన గదులు ఒకదాని తర్వాత ఒకటి వరుసగా ఉండి, వాటి తలుపులన్నీ ఒకే గీత మీద తెరుచుకుంటాయి. మొదటి గదిలోకి ఎవరైనా రావచ్చు. లోపలికి వెళ్ళేకొద్దీ అనుమతి ఉన్నవారి సంఖ్య తగ్గుతుంది. అతిథి ఎన్ని గుమ్మాలు దాటగలిగాడన్నదాన్ని బట్టి అతని హోదా తేలేది. వచ్చిన మనిషిని సాగనంపేటప్పుడు యజమాని ఎన్ని గదులు దాటి వెంట వచ్చాడన్నదీ లెక్కే. ఆ వరుస చివర ఉండే పెద్ద పందిరిమంచం మీద చాలాచోట్ల ఎవరూ పడుకోలేదు. రాజో రాణో ఒక రాత్రి బస చేస్తారన్న ఆశతో దాన్ని సిద్ధం చేసి ఉంచారు. గర్భగుడి, అంతరాళం, ముఖమంటపం అని తెలిసిన మన పెద్దలకు ఈ లెక్క ఒక్క మాటతో అర్థమవుతుంది. ఏ గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోయేవారని మీ నాన్నగారిని అక్కడే అడిగి చూడండి.

పొడవాటి ఇరుకు గది కనిపిస్తే అది వానాకాలంలో నడవడానికి కట్టినది. తోటలోకి వెళ్ళలేని రోజు ఇంటి ఆడవారు అక్కడ పచార్లు చేస్తూ గోడల మీద తమ పూర్వీకుల చిత్రాలు చూసుకునేవారు.

నా మాట మీద నమ్మకముంటే వంటశాలను మాత్రం వదలకండి. నిప్పు భయం వల్ల, వాసన రాకూడదని వంటశాలను భోజనశాలకు దూరంగా కట్టారు కనుక, ఎంత ఘనమైన దొర అయినా చాలావరకు చల్లారిన కూడే తిన్నాడు. పనివారి నడవాలో గోడ పైన వరుసగా వేలాడే గంటలు చూడండి. ఒక్కో గదికి ఒక్కో గంట, చాలా ఇళ్ళలో ఒక్కోదాని నాదం ఒక్కో తీరుగా ఉంటుంది, చూడకుండానే ఏ గది నుంచి పిలుపు వచ్చిందో పనివారికి తెలియాలి. వేల్స్‌లో రెక్సమ్ దగ్గర ఎర్డిగ్ అనే ఇల్లు ఈ విషయంలో అన్నిటికన్నా మేలైనది. అక్కడ యార్క్ వంశం వారు రెండు వందల ఏళ్ళ పాటు తమ వడ్రంగికి, కమ్మరికి, వంటమనిషికి, తోటమాలికి చిత్రాలు గీయించి, తర్వాత ఫోటోలు తీయించి, ఒక్కొక్కరి మీద పద్యాలు రాసి గోడలకు తగిలించారు. పనిచేసినవారి ముఖాలు, పేర్లు అంతగా నిలిచిన ఇల్లు నేను మరొకటి చూడలేదు. మా అమ్మ దొరల గదులను పది నిమిషాల్లో ముగించి, ఆ వడ్రంగి చిత్రం ముందు చాలాసేపు నిలబడింది.

లోపల చీకటిగా ఉందని అందరూ అడుగుతారు. పట్టు, నూలు, నీటిరంగుల చిత్రాలు వెలుతురుకు వెలిసిపోతాయి, వెలిసిన రంగు మళ్ళీ రాదు. అందుకే వాటి మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) మించి వెలుగు పడకుండా కిటికీ తెరలు దించి ఉంచుతారు. గదిలోకి వెళ్ళగానే ముందుకు సాగిపోకుండా రెండు నిమిషాలు ఒకచోట నిలబడండి, కళ్ళు అలవాటుపడి రంగులు వాటంతట అవే బయటపడతాయి. కుర్చీ మీద ఎండిన ముళ్ళ కాయనో, పైన్ కాయనో పెట్టి ఉంటే కూర్చోవద్దని అర్థం. ఏమీ లేని కుర్చీ కనిపించినా ఒకసారి అడిగి కూర్చోమని మీ నాన్నగారికి చెప్పండి. మోకాళ్ళ నొప్పి ఉందంటే మేమే కూర్చోదగిన కుర్చీ చూపిస్తాం. దుమ్ము దులపడం కూడా అక్కడ ఒక విద్య. చెక్క మీది చెక్కడాలకు పంది వెంట్రుకల కుంచె, పింగాణీకీ బంగారు పూతకూ అంతకన్నా మెత్తనైన పోనీ గుర్రపు వెంట్రుకల కుంచె వాడి, రాలిన దుమ్మును మూతికి వల కట్టిన వాక్యూమ్‌తో పీలుస్తారు. ఊడిన ముక్క ఏదైనా ఉంటే ఆ వల మీద ఆగుతుంది. నా ఇన్నేళ్ళ పనిలో అలా ఆగిన గోరంత బంగారు రేకును ఒకసారి చూశాను. దాన్ని కాగితంలో చుట్టి, ఏ కుర్చీదో, ఏ తేదీనో రాసి దాచిపెట్టారు.

ఇక తోట సంగతి. నిజానికి మీ ప్రయాణంలో సగానికి పైగా సమయం దీనికే ఇవ్వండి. పదిహేడో శతాబ్దం దాకా ఇక్కడి తోటలు ఫ్రెంచి, డచ్చి పద్ధతిలో తిన్నని బాటలతో, కత్తిరించిన పొదలతో ఉండేవి. పద్దెనిమిదో శతాబ్దంలో విలియం కెంట్, ఆయన తర్వాత లాన్స్‌లాట్ బ్రౌన్ అనే తోటల రూపకర్తలు ఆ గీతలన్నీ చెరిపేశారు. ప్రతి స్థలంలోనూ మెరుగుకు అవకాశముందని యజమానులతో అంటూ ఉండడం వల్ల బ్రౌన్‌కు కేపబిలిటీ అన్న పేరు స్థిరపడింది. పచ్చిక మైదానం, మెలిక తిరిగిన చెరువు, అక్కడక్కడ చెట్ల గుంపులు. చూసినవారు ఇది ప్రకృతి అనుకుంటారు, కానీ అందులో చాలా గుట్టలను మనుషులు పారలతో, బండ్లతో పోసి ఎత్తారు. ఇంటి ముందు పచ్చికలో నిలబడి చూస్తే ఆవులు, గొర్రెలు ఇంటి దాకా మేస్తూ వస్తున్నట్లే ఉంటుంది, కంచె కనిపించదు. దగ్గరికి వెళితే అక్కడ ఒక కందకం ఉంటుంది. ఇంటి వైపు నిలువు గోడ, పశువుల వైపు ఏటవాలు. దీన్ని హాహా అంటారు. పెద్దవాళ్ళు దాని అంచుకు వెళ్ళకుండా చూసుకోండి, నిజంగా దగ్గరికి వెళ్ళేదాకా కనిపించదు.

ఇంకొక సంగతి కూడా వారికి దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం. దొరవారి కిటికీలోంచి చూస్తే అడ్డంగా ఉన్నాయని కొన్ని ఊళ్ళనే తీసేశారు. మీకు దగ్గరలోనే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో నూనమ్ కోర్ట్‌నీ గ్రామాన్ని 1760లలో, డార్సెట్‌లో మిల్టన్ అబ్బాస్‌ను ఆ తర్వాత అలాగే ఎత్తి వేరేచోట కట్టారు. ముంపు గ్రామాల తరలింపు దగ్గరగా చూసిన ఇంజనీరుగారికి ఆ మాటలోని బరువు నేను చెప్పనక్కరలేదు.

పూల తోట కన్నా గోడలు కట్టిన కాయగూరల తోట మన అమ్మలకు ఎక్కువ నచ్చుతుంది. ఎర్ర ఇటుక గోడ పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి వదులుతుంది. కొన్నిచోట్ల గోడ మధ్యలో పొగగొట్టాలు పెట్టి కింద నిప్పు వేసేవారు. ఆ వేడికి ఆనుకుని పీచ్ పండ్లు కాసేవి. గాజు కప్పిన గుంటల్లో గుర్రపు పేడ, చెట్టు బెరడు కుళ్ళగా వచ్చే వేడితో అనాస పండించి దొరల బల్ల మీద పెట్టేవారు. మన విశాఖ మన్యంలో తేలికగా కాసే పండు కోసం ఇక్కడ ఎంత పాటుపడ్డారో ఆ గుంటలను చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మీకు ఏయే ఇళ్ళు తగినవో చెబుతాను.

మాటిస్‌ఫాంట్, హాంప్‌షైర్. మీ అమ్మగారు రాగానే, ప్రయాణపు బడలిక తీరిన మొదటి రోజే వెళ్ళండి. పాత కాయగూరల తోట గోడల మధ్య గులాబీల నిపుణుడు గ్రాహమ్ స్టువర్ట్ థామస్ 1970లలో నాటించిన పాతకాలపు గులాబీల సేకరణ అక్కడుంది. ఇప్పటి హైబ్రిడ్ గులాబీల్లా కాకుండా ఇవి ఎక్కువగా ఏడాదికి ఒక్కసారే పూస్తాయి, ఆ ఒక్కసారి జూన్‌లోనే. జూలైకి వాయిదా వేస్తే ఆకులే మిగులుతాయి. డమాస్క్ జాతి గులాబీల దగ్గర ఆగండి. అది మన పన్నీరు గులాబీయే. మా అమ్మ కళ్ళు మూసుకుని వాసన చూసి, పెళ్ళిలో పన్నీరుబుడ్డి వాసన అంది. ఉదయం తెరవగానే వెళితే వాసన బాగా తెలుస్తుంది, జనమూ తక్కువగా ఉంటారు. పువ్వు కోయడం మాత్రం కూడదు, రాలిన రేకులు కూడా తీయకపోవడం మర్యాద.

స్టౌర్‌హెడ్, విల్ట్‌షైర్. ఇది మీ నాన్నగారి కోసం. ఇందాక చెప్పిన హెన్రీ హోర్ వంశంలోనే, అదే పేరుతో అంతకు ముందున్న ఒక బ్యాంకరు 1750లలో స్టౌర్ నది పుట్టే లోయకు అడ్డంగా కట్ట వేసి చెరువు నిలిపాడు. దాని చుట్టూ రోమన్ పూలదేవత ఫ్లోరా గుడి, గుహ, పాంథియాన్ అనే గుమ్మటపు గుడి, సూర్యదేవుడు అపోలో గుడి వరుసగా కనిపించేలా బాట వేశాడు. ఆ బాటను ఎడమ చేతి వైపు చెరువు ఉండేలా, అపసవ్యంగా నడవాలి. దృశ్యాలన్నీ ఆ దిశలో చూడడానికే అమర్చారు. నడిచేవారిలో చాలామందికి తాము ఒక మట్టికట్ట మీద నడుస్తున్నామని తెలియదు. అక్కడ నాన్నగారిని ఆపి, నీరు ఒకవైపు, లోయ పల్లం మరోవైపు ఎంత తేడాతో ఉన్నాయో చూపించండి. గుహలోకి దిగితే చల్లగా ఉంటుంది, నిద్రపోతున్న జలకన్య రాతి విగ్రహం కింద నుంచి ఊట నీరు జారుతూ ఉంటుంది, పక్కనే రాళ్ళను మొరటుగా పేర్చి వదిలిన సందులోంచి చెరువు మెరుస్తూ కనిపిస్తుంది. గుహ మెట్లు జారుడుగా ఉంటాయి, అపోలో గుడికి ఎక్కే దారి నిటారుగా ఉంటుంది. ఆ రెంటినీ వదిలి కింది బాటలో వెళ్ళినా నడకలో సారం పోదు.

సెజిన్‌కోట్, గ్లాస్టర్‌షైర్. ఈస్టిండియా కంపెనీలో పనిచేసి వచ్చిన చార్లెస్ కాకరెల్ కోసం ఆయన అన్నదమ్ముడైన శామ్యూల్ పెపిస్ కాకరెల్ 1805 ప్రాంతంలో మొగలాయి పద్ధతిలో కట్టిన ఇల్లు. ఇంగ్లండు పచ్చిక మధ్య రాగి గుమ్మటం, వంతెన మీద కూర్చున్న నందులు, తోటలో ఒక సూర్యుని గుడి చూసి మీ అమ్మగారు మొదట నమ్మరు. భారతదేశమంతా తిరిగి చిత్రాలు గీసిన థామస్ డేనియల్ ఆ తోటకు సలహా ఇచ్చాడు. బ్రైటన్‌లోని రాజభవనానికి ఈ ఇల్లే స్ఫూర్తి అయింది. ఇది ఇప్పటికీ ఒక కుటుంబం నివసించే సొంత ఇల్లు, నిర్ణయించిన కొన్ని రోజుల్లోనే తెరుస్తారు, కనుక ముందుగా రోజులు చూసుకోకుండా బయలుదేరవద్దు.

పొవిస్ కోట, వేల్స్. రెడింగ్ నుంచి దూరం. ఒక రాత్రి బస పెట్టుకుని, మరునాడు ఎర్డిగ్‌తో కలిపి చూడండి. రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ పెళ్ళి ద్వారా ఈ కోట క్లైవ్ వంశానికి వచ్చింది. ఆయన 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయింది ఆయన కాలంలోనే. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చిందీ ఆయన కాలంలోనే. అంటే మీ అనంతపురం ఇంగ్లీషువారి పాలనలోకి వచ్చినప్పుడు మద్రాసులో కూర్చున్న గవర్నరు కుటుంబానికి చేరిన ఇల్లు ఇది. లోపల వెయ్యికి పైగా భారతీయ వస్తువులున్నాయి. టిప్పు సుల్తాను సింహాసనపు బంగారు పులి తల ఒకటి, ఆయన గుడారం అందులో ఉన్నాయి. ఆ గుడారం తెల్లని నూలు మీద రంగులద్దిన గుడ్డ. తోరణం వంటి గూళ్ళు, ఒక్కో గూటిలో ఒక పూలకుండీ. మా అమ్మ పుట్టిల్లు కలంకారీ అద్దకానికి పేరున్న పెడన. ఆమె అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి అంచులో అచ్చులు కలిసిన చోటు వెతికి చూసి, ఎరుపు చూస్తే అద్దకంలో వాడే చిరివేరు ఎరుపులా ఉందని, మైనం పని ఎక్కడుందో కనిపించడం లేదని తనలో తాను మాట్లాడుకుంది. ఆ గదిలో మేమిద్దరం ముప్పావుగంట ఉన్నాం. ఈ వస్తువులు ఎలా వచ్చాయో పెద్దవాళ్ళు అడుగుతారు, ఉన్నదున్నట్లు చెప్పండి: కొన్ని యుద్ధంలో దోచినవి, కొన్ని కొన్నవి, కొన్ని బహుమతులు. నేషనల్ ట్రస్ట్ కూడా 2020లో విడుదల చేసిన నివేదికలో తన 93 చోట్లకు వలస పాలనతోనో, బానిస వ్యాపారంతోనో ఉన్న సంబంధాన్ని రాసింది. నేను పనిచేసే ఆ పాత ఇంట్లో గది కాపలాగా నిలబడినప్పుడు ఈ ప్రశ్న వస్తే నేను తప్పించుకోను. బయట కొండవాలులో మెట్లుమెట్లుగా దిగే తోట, ఏడాదంతా పచ్చగా ఉండే మూడు వందల ఏళ్ళ యూ చెట్లు మేఘాల్లా ఉబ్బి గోడల మీదికి వాలి ఉంటాయి. వాలు ఎక్కువ కనుక నాన్నగారు ఎంతవరకు వెళ్ళగలరో ముందుగా ఫోన్ చేసి అడగండి.

మీకు పక్కనే ఉన్న బాసిల్డన్ పార్క్ కూడా ఇలాంటిదే. బెంగాల్‌లో కంపెనీ కొలువులో సంపాదించిన ఫ్రాన్సిస్ సైక్స్ 1776లో మొదలుపెట్టి కట్టించాడు. దూరం వెళ్ళడానికి ఓపిక లేని రోజుకు దాన్ని ఉంచుకోండి. ముఖ్యమైన గదులన్నీ పై అంతస్తులో ఉంటాయన్నది గుర్తుంచుకోండి. డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ చాలా దూరం, కానీ నీటి పని మీద మక్కువ ఉన్న ఇంజనీరుకు అంతకు మించినది లేదు. తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ 1844లో కొండ మీద ఎనిమిది ఎకరాల చెరువు తవ్వించి, అక్కడి నుంచి గొట్టంలో దింపిన నీటి ఒత్తిడితోనే, ఏ యంత్రమూ లేకుండా, 296 అడుగుల ఎత్తుకు ఫౌంటెన్ ఎగజిమ్మించాడు. రష్యా చక్రవర్తి వస్తాడని రాత్రులు కూడా దివిటీలు వెలిగించి ఆరు నెలల్లో పూర్తి చేశారు, ఆయన రాలేదు. ఆ పాక్స్‌టనే తర్వాత 1851లో జరిగిన అంతర్జాతీయ వస్తు ప్రదర్శనకు లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ కట్టాడు.

సభ్యత్వం విషయం. పైవాటిలో మాటిస్‌ఫాంట్, స్టౌర్‌హెడ్, పొవిస్, ఎర్డిగ్, బాసిల్డన్ నేషనల్ ట్రస్ట్‌వి. సెజిన్‌కోట్, చాట్స్‌వర్త్ సొంతదారులవి, అక్కడ ఆ కార్డు పనిచేయదు. మీరు ఇక్కడే ఉంటారు కనుక మీకు ఏడాది సభ్యత్వం తప్పక లాభమే, ట్రస్ట్ కారు పార్కింగ్ కూడా ఉచితమవుతుంది. అమ్మానాన్నలకు మాత్రం మీరు వెళ్ళే మూడు నాలుగు చోట్ల టికెట్ల మొత్తం, సభ్యత్వపు ధర పక్కపక్కన పెట్టి చూసుకోండి. నాలుగు దాటితే సాధారణంగా సభ్యత్వమే చవక. నాన్నగారికి నడకలో తోడు తప్పనిసరి అయితే, తోడు వచ్చే మనిషికి ఉచిత ప్రవేశమిచ్చే కార్డు ట్రస్ట్ దగ్గర ఉంది, ముందుగా దరఖాస్తు చేయండి. పెద్ద తోటల్లో చాలావాటిలో చక్రాల కుర్చీ, బ్యాటరీ బండి ఉచితంగా ఇస్తారు, కానీ రెండు మూడే ఉంటాయి. వెళ్ళే రోజుకు వారం ముందు ఫోన్ చేసి పేరు రాయించుకోండి. చాలా ఇళ్ళలో లిఫ్ట్ ఉండదు. పాత గోడలను కదపకుండా దాన్ని పెట్టడం చాలాచోట్ల సాధ్యం కాదు. పై అంతస్తు గదుల ఫోటోల పుస్తకం కింద ఉంచుతారు, అడిగితే తెచ్చిస్తారు.

లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పబోతే వద్దని చెప్పండి, ఇక్కడ ఆ పద్ధతి లేదు. సన్నని మడమల చెప్పులు మాత్రం చెక్క నేలకు గుంటలు పెడతాయి కనుక వద్దంటారు. వీపు సంచిని ముందుకు తగిలించుకోమంటారు, ఫోటోకు ఫ్లాష్ వేయనివ్వరు. పచ్చిక ఉదయం తడిగా ఉంటుంది, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టుకుని బూట్లు వేసుకోవడం మేలని అమ్మగారికి చెప్పండి. భోజనానికి పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళండి. బయటి పార్కులో, కారు పార్కింగ్ దగ్గరి పచ్చికలో కూర్చుని తినవచ్చు, పూలతోటలో, ఇంటి లోపల మాత్రం కుదరదు. సాయంత్రం టీ దుకాణంలో స్కోన్‌లు అనే చిన్న తీపి రొట్టెలు తినాలనుకుంటే, కోడిగుడ్డు తినని పెద్దవారుంటే కౌంటరు దగ్గర అడగండి. ఏ పదార్థంలో ఏముందో రాసిన పట్టిక వారి దగ్గర ఉంటుంది.

తారీఖులు ఖాయం చేసుకునే ముందు ప్రతి ఇంటి సొంత పేజీలో ఆ వారపు వేళలు చూడండి, ఎందుకంటే తోట తెరిచి ఉన్న రోజుల్లోనూ ఇల్లు మూసి ఉండవచ్చు. మీ జాబితాలో మొదట ఖాయం చేసుకోవలసింది మాటిస్‌ఫాంట్. మీవాళ్ళు దిగిన వారంలోనే, వీలైతే వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టి తీసుకువెళ్ళండి.